పాత గోడలకు రంగు వేసే ముందు: పుట్టీయా, సిమెంటా, సున్నమా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంటికి రంగులు వేయించాలన్న ఆలోచన చాలామందికి దీపావళి దాటాక మొదలవుతుంది. సంక్రాంతికి కూతుళ్లు, అల్లుళ్లు వస్తారు, ఆ వేళకు ఇల్లు కొత్తగా కనిపించాలి. కోరిక న్యాయమైనదే గానీ అదను మంచిది కాదు. నెల్లూరులో ఏడాది మొత్తంలో పడే వానలో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. ప్రకాశం తీరంలోనూ ఈశాన్య రుతుపవనాల వాటా పెద్దదే. 2015 నవంబరులో, మళ్లీ 2021 నవంబరులో నెల్లూరు ప్రాంతం ఎంత వాన చూసిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అలా తడిసిన గోడ మీద డిసెంబరు ఆఖరున పుట్టీ పెట్టి, భోగికి ముందే రంగు ముగిస్తే, ఎండలు ముదిరేసరికి లోపలి చెమ్మ బయటికి వస్తూ పైపొరను పొక్కులు పొక్కులుగా లేపేస్తుంది. నింద మాత్రం రంగు కంపెనీ మీదో, పెయింటర్ మీదో పడుతుంది.

కాబట్టి ఏ సరుకు కొనాలన్న దానికంటే ముందు ఎప్పుడు చేయించాలన్నది తేల్చుకోవాలి. పగుళ్లున్న పాత ఇంటికి ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఉన్న రెండు నెలలే నా లెక్కలో సరైన కాలం. పండగ తర్వాత ఎండలు గోడను ఆరబెడతాయి, రోహిణి కార్తె మంటలు ఇంకా మొదలుకావు. మే నెలలో పుట్టీ రుద్దుతుండగానే ఆరిపోయి పొడిబారుతుంది, సిమెంటు పూతలో తడి నిలవదు. పండక్కి ఏదో ఒకటి చేయక తప్పదనుకుంటే గేటుకు, తలుపులకు, కిటికీ ఊచలకు రంగు వేయించి, గోడలు శుభ్రంగా దులిపించండి. గోడలకు పెట్టాల్సిన డబ్బు ఫిబ్రవరి దాకా దాచండి.

పగులును ముందు చదవాలి

"ఏమీ కాదు సార్, రెండు కోటింగులు పుట్టీ పెడితే కనిపించదు" అని చెప్పే పెయింటర్ అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే కనిపించదు, ఆరు నెలలు. పగులు ఎందుకు వచ్చిందో తెలిస్తేనే దానిలో ఏం నింపాలో తెలుస్తుంది. కొన్ని పగుళ్లను నింపకూడదని కూడా అప్పుడే తెలుస్తుంది.

ముందు వెడల్పు చూడండి. ఒక మిల్లీమీటరు లోపు సన్నవి, ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా మధ్యస్థమైనవి, రెండు దాటితే వెడల్పైనవి అని భారతీయ ప్రమాణాల చేతిపుస్తకం ఎస్‌పీ 25 విభజించింది. కొలవడానికి పరికరాలు అక్కర్లేదు. ఏటీఎం కార్డు మందం సుమారు 0.76 మిల్లీమీటర్లు. ఒక కార్డు అంచు దూరకపోతే అది సన్న పగులు. మూడు కార్డులు కలిపి దూరితే రెండు మిల్లీమీటర్లు దాటినట్టే.

వెడల్పు కంటే ముఖ్యం ఆకారం. సాలెగూడులా నలువైపులా అల్లుకున్న సన్నని నెర్రెలు ప్లాస్టరింగు ఆరేటప్పుడు కుంచించుకుపోయినందువల్ల వచ్చినవి. ఇటుకల్లోకి పోవు, భయం లేదు. స్విచ్చు బోర్డు నుంచి నేరుగా పైకి పోయే పగులు కరెంటు పైపు కోసం కొట్టిన గాడిని సరిగ్గా పూడ్చకపోవడం వల్ల వస్తుంది. పిల్లరు పక్కన పైనుంచి కిందికి గీత గీసినట్టు ఉండేది కాంక్రీటు ఒకలా, ఇటుక ఇంకోలా సాగి కుదించుకోవడం వల్ల వచ్చేది. పై అంతస్తులో స్లాబు కింద, గోడ పైఅంచున అడ్డంగా పోయేది ఎండ చేసే పని. 40 డిగ్రీలు దాటే ఎండకు స్లాబు సాగుతుంది, రాత్రికి కుదించుకుంటుంది, కింద నీడలో ఉన్న గోడ దానితో పాటు కదలలేదు. అక్కడ ఎన్నిసార్లు సిమెంటు మెత్తినా మళ్లీ విడుతుంది.

అసలు జాగ్రత్తగా చూడాల్సింది తలుపు మూల నుంచో, కిటికీ మూల నుంచో ఏటవాలుగా, ఇటుక వరసల వెంట మెట్లు మెట్లుగా దిగే పగులు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో కట్టిన పాత ఇళ్లలో ఇది సర్వసాధారణం. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. దాని మీద లోతు తక్కువ పునాదితో కూర్చున్న గోడ ఏటా ఎంతో కొంత లేస్తుంది, దిగుతుంది. అందుకే అదే పగులు వేసవిలో వెడల్పై, వానాకాలంలో మూసుకున్నట్టు కనిపిస్తుంది. కావలి, అల్లూరు వైపు తీరపు ఇసుక నేలల్లో ఈ ఉబ్బుడు బాధ ఉండదు గానీ, వేరే బాధలున్నాయి, వాటి దగ్గరికి వస్తాను.

పగులు ఇంకా కదులుతోందా, ఎప్పుడో ఆగిపోయిందా అన్నది తేల్చడానికి పాత పద్ధతే చాలు. పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ రాయండి. పగులుకు అడ్డంగా పలచని గాజు ముక్కను ఎపాక్సీ జిగురుతో రెండు చివరలా అతికించండి. జిగురు సున్నపు పొర మీద కాకుండా గట్టి గోడ మీద పడేలా ఆ చోట గీకి అతికించాలి. గాజు విరిగినా, పగులు పెన్సిలు గీత దాటినా గోడ కదులుతోందని అర్థం. మామూలు గోడకు రెండు మూడు నెలలు గమనిస్తే సరిపోతుంది. రేగడి నేలలో అయితే ఒక వానాకాలం, ఒక వేసవి చూడకుండా తీర్పు చెప్పలేం. గాజు విరిగిందంటే పెయింటర్‌ను కాదు, సివిల్ ఇంజినీరును పిలవాలి. పునాది పక్కన వాన నీరు నిలవకుండా వాలుగా గచ్చు చేయడం, గోడకు ఆనుకుని ఉన్న కుళాయి, స్నానాల గది నీళ్లను దూరంగా మళ్లించడం వంటి చిన్న పనులే ఒక్కోసారి కదలికను చాలావరకు తగ్గిస్తాయి. అది జరిగేదాకా ఆ గోడకు ఖరీదైన రంగు వద్దు.

దేనితో నింపాలి

దుకాణంలో నాలుగు రకాల సరుకు చూపిస్తారు. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

వాల్ పుట్టీ పగులు నింపే పదార్థం కాదు. గోడను నునుపు చేసే పలచని పూత. తెల్ల సిమెంటు పుట్టీ రెండు చేతులూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటకూడదు. సాలెగూడు నెర్రెలకు అది చాలు. నాలుగు మిల్లీమీటర్ల పగులులో దాన్ని కూరితే ఆరుతూ కుంచించుకుని అంచుల దగ్గర విడిపోతుంది. పాత ఇళ్లలో రంగు వేసిన ఏడాదికే పగులు అదే చోట అదే ఆకారంలో తిరిగి కనిపించడానికి ఎక్కువగా ఇదే కారణం.

అక్రిలిక్ క్రాక్ ఫిల్లర్ పేస్టు ఒకటి నుంచి ఐదు మిల్లీమీటర్ల దాకా, కదలిక లేని పగుళ్లకు సరైనది. డబ్బాలో కలిపి సిద్ధంగా వస్తుంది, ఇంట్లోవాళ్లే పెట్టుకోవచ్చు. ఒకేసారి లోతుగా కూరకుండా రెండు మూడు పొరలుగా, ఒకటి ఆరాక ఇంకొకటి పెట్టాలి. పొడిగా వచ్చే సిమెంటు ఫిల్లరు చవక, గట్టిది, కానీ సాగదు. కదలని గోడకు ఏదైనా ఫరవాలేదు. కొద్దిగా అనుమానమున్న చోట నేను పేస్టు వైపే మొగ్గుతాను.

ఐదు మిల్లీమీటర్లు దాటినా, పగులు పక్కన ప్లాస్టరింగు తడితే డొల్లగా పలికినా ఫిల్లర్లను మరిచిపోండి. డొల్లగా ఉన్నంత మేరా ఇటుక కనిపించేదాకా కొట్టించి, ఇటుక సందులను ఇనుప బ్రష్షుతో శుభ్రం చేయించి, తడిపి, ఒకటికి నాలుగు పాళ్ల సిమెంటు, ఇసుకతో తిరిగి పూయించాలి. పాత ప్లాస్టరింగుకూ కొత్తదానికీ అతుకు గట్టిగా ఉండాలంటే అంచులకు ఎస్‌బీఆర్ లేటెక్స్ (సిమెంటుకు పట్టు పెంచే రబ్బరు ద్రవం) కలిపిన సిమెంటు పాలు రాయాలి. ఇసుక పెన్నదో, గుండ్లకమ్మదో, ఏ నదిదైనా సరే, ఉప్పు కలిసిన తీరపు ఇసుక మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. ఈ పనికి బేల్దారి మేస్త్రే కావాలి, పెయింటర్ చేతికి ఇవ్వవద్దు. పూశాక వారం రోజులు తడపాలి, ఆ తర్వాత ఆరనివ్వాలి. పూసిన రోజు నుంచి రంగు దాకా నెల రోజుల వ్యవధి ఉంటే మంచిది. తొందరపడితే కొత్త సిమెంటులోని క్షారం రంగును మచ్చలు మచ్చలుగా తినేస్తుంది.

నాలుగోది సీలెంటు. స్లాబు కింద అడ్డంగా పోయే ఎండ పగులుకు, కదలక మానని అతుకులకు సాగే గుణమున్న పాలీయురేథేన్ సీలెంటో, అక్రిలిక్ సీలెంటో కావాలి. ఆ చోట పగులును దాచాలని పెనుగులాడటం కంటే తిన్నగా, వెడల్పాటి గాడి కొట్టించి సీలెంటు నింపడం మేలు. గోడకు ఒక సన్నని గీత మిగులుతుంది, చూడటానికి నీటుగానే ఉంటుంది. దుకాణదారు చేతిలో పెట్టే సిలికాన్ ట్యూబు మాత్రం తీసుకోకండి. అది వాష్ బేసిన్ చుట్టూ పనికొస్తుంది, దాని మీద రంగు పట్టదు.

పిల్లరు పక్క పగులుకు సరుకు ఏదైనా సరే, దాని మీదుగా జాలీ పడాలి. పగులు సన్నదైతే రెండు అంగుళాల ఫైబర్ జాలీ టేపు అతికించి పైన పుట్టీ పెడితే చాలు. వెడల్పైనదైతే ప్లాస్టరింగు కొట్టి, అతుకుకు రెండు వైపులా కనీసం ఆరేసి అంగుళాలు పరుచుకునేలా కోళ్ల జాలీ మేకులతో బిగించి పూయాలి. తీరానికి దగ్గరి ఊళ్లలో ఇనుప జాలీ తుప్పు పడుతుంది కాబట్టి అక్కడ సిమెంటు క్షారాన్ని తట్టుకునే ఫైబర్ జాలీ అడగండి.

ఏది నింపినా ముందు పగులును కాస్త వెడల్పు చేయాలి. గోకుడు పనిముట్టుతో నోరు తెరిచి, వి ఆకారంలో ఐదారు మిల్లీమీటర్ల లోతు గాడి చేయాలి. ఉన్న పగులును పెద్దది చేయడం ఇంటివాళ్లకు మనసొప్పదు. అయినా, వెంట్రుకవాసి సందులోకి పేస్టు దిగదు, పెదవుల మీద మాత్రమే అతుక్కుని రుద్దుడు కాగితానికే లేచిపోతుంది. గాడి చేశాక పాత టూత్ బ్రష్షుతో దుమ్ము మొత్తం దులపండి. సిమెంటు సరుకు పెట్టేట్టయితే గాడిని తడపండి, అక్రిలిక్ అయితే పొడిగా ఉంచి కొంచెం ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) తాకించండి.

పైకప్పు విషయంలో రాజీ పడకండి

గోడ మీద పని చెడితే అందం పోతుంది. పైకప్పు పెచ్చు ఊడితే కింద పడుకున్న మనిషి మీద పడుతుంది. నేను ఎక్కువ మాటలు దీనికే ఖర్చు చేస్తాను.

నిచ్చెన ఎక్కి, సుత్తి పిడితోనో కర్రతోనో పైకప్పును అడుగడుక్కీ తట్టండి. గట్టిగా పలికిన చోట సరే. డొల్లగా పలికిన చోట సుద్దతో గుండ్రంగా గీయండి. ఎర్రటి తుప్పు మరకలు, ఒకే వరసలో తిన్నగా పోయే పగుళ్లు కనిపిస్తే, లోపల ఉన్న ఇనుప ఊచ ఆ వరసలోనే తుప్పు పడుతోందని అర్థం. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల దాకా ఎక్కువ చోటు అడుగుతుంది, ఆ ఒత్తిడికే కింది కాంక్రీటు పెచ్చులుగా లేస్తుంది. మైపాడు, కొత్తపట్నం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది త్వరగా మొదలవుతుంది. కట్టేటప్పుడు ఉప్పు బోరు నీళ్లతో కాంక్రీటు కలిపి ఉంటే మరీ త్వరగా. ఇనుము ఉన్న కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. పాత రోజుల్లో ఊళ్లో ఎవరూ నీళ్లను పరీక్షించి ఇల్లు కట్టలేదు.

ఇక్కడ మీ ముందు మూడు దారులుంటాయి. ఒకటి, ఊడిన చోట మాత్రం సిమెంటు మెత్తి రంగు వేయడం. రెండోది, తుప్పు దాకా కొట్టి మరమ్మతు చేయడం. మూడోది, ఫాల్స్ సీలింగు వేసి కప్పేయడం. డొల్ల చోట్లు తక్కువగా ఉండి, లోపల తుప్పు లేకుండా కేవలం ప్లాస్టరింగు మాత్రమే విడి ఉంటే మొదటి దారి చాలు. తుప్పు కనిపించిందంటే రెండోదే దారి. వదులు కాంక్రీటు మొత్తం తీసేసి, ఊచ వెనక వైపు కూడా కనిపించేదాకా తవ్వి, ఇనుప బ్రష్షుతో తుప్పు గీకి, జింకు ప్రైమర్ రాసి, అతుకు పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పొరలు పొరలుగా నింపాలి. ఊచ సన్నబడి సగమే మిగిలిందంటే, పెచ్చులు గదంతా ఉన్నాయంటే, ఇంజినీరు చూసి చెప్పేదాకా ఆ గదిలో మంచం వేయకండి. మూడో దారిని నేను ఎవరికీ సిఫారసు చేయను. తుప్పు ఆగదు, కంటికి కనిపించడం మాత్రం ఆగుతుంది. ఊడిన పెచ్చు బరువు సన్నని జిప్సం పలక మీద పడుతుంది.

నెల్లూరు మూలాపేట, రంగనాయకులపేట వంటి పాత పేటల్లో ఇంకా మిగిలిన మిద్దెలది వేరే కథ. టేకు దూలాల మీద చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి, పైన సున్నపు కాంక్రీటు దట్టించిన కప్పులవి. అక్కడ తట్టాల్సింది దూలాన్ని. గోడలో దిగిన కొసల దగ్గర స్క్రూడ్రైవరుతో గుచ్చితే మెత్తగా దిగితే చెదో, కుళ్లో పట్టినట్టు. అది బాగుచేయకుండా కింద ఇటుకలకు రంగు వేయడం అర్థం లేని పని.

ఏ కప్పుకైనా కింద పని మొదలుపెట్టే ముందు పైకెక్కండి. మేడ మీద నీళ్లు నిలిచే పల్లం, పిట్టగోడ మొదట్లో విచ్చుకున్న సందు, ఆకులతో పూడిన వాననీటి గొట్టం, గోడలో మొలిచిన రావి మొక్క, వీటిలో ఒక్కటి ఉన్నా కింద రంగు నిలవదు. కారుడు ఎక్కడో తెలియడానికి మేడ మీద నీళ్లు కట్టి చూసే పద్ధతి గట్టి స్లాబుకే మంచిది. రెండు అంగుళాల నీళ్లంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు. పాత మిద్దె మీద, తుప్పు స్లాబు మీద ఆ పరీక్ష చేయకండి. ఎండ పగుళ్లు వేధిస్తున్న ఇంటికి మేడ మీద తెల్లని కూల్ రూఫ్ పూత కూడా వేయిస్తే స్లాబు సాగడమే తగ్గుతుంది.

పాత రంగును గీకాలా, ఉంచాలా

రెండూ కావు, పరీక్ష చేసి నిర్ణయించాలి. అరచేతితో గోడను గట్టిగా రుద్దండి. తెల్లగా పొడి అంటితే అది సున్నం లేదా పాత డిస్టెంపరు. దాన్ని మొత్తం తడిపి గీకి, స్పాంజితో కడిగేయాల్సిందే. పొడి మీద పెట్టిన పుట్టీకి పట్టు పొడికే గానీ గోడకు ఉండదు. చేతికి పొడి అంటకపోతే, బ్లేడుతో గోడ మీద గళ్లు గళ్లుగా గీసి, మీద ప్యాకింగు టేపు గట్టిగా అంటించి ఒక్క లాగు లాగండి. టేపుతో పెచ్చులు వస్తే ఆ గోడ గీకాలి. రాకపోతే పాత ఎమల్షన్ (నీళ్లతో కలిపే ప్లాస్టిక్ రంగు) గట్టిగా ఉన్నట్టే, ఊడిన చోట్ల అంచులు రుద్ది, మిగతాదాన్ని 120 నంబరు రుద్దుడు కాగితంతో గరుకు చేస్తే చాలు. కూలి చాలా మిగులుతుంది.

నడుము ఎత్తు దాకా నూనె రంగు వేసిన పాత వంటిళ్లు, హాళ్లు చాలా ఉన్నాయి. ఆ నునుపు మీద ఎమల్షన్ గానీ, సిమెంటు పుట్టీ గానీ పట్టవు. గరుకు చేయకుండా వేయనివ్వకండి. ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామెల్‌లో, అంటే నూనె రంగులో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసం ఎక్కువ ఉండే అవకాశముంది. దాన్ని పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇంట్లో పాకే పిల్లల నోట్లోకి పోతుంది. తడి చేసి రుద్దించండి. గర్భిణులను, పసిపిల్లలను ఆ రోజుల్లో వేరే ఇంట్లో ఉంచండి. గీకిన పొట్టు పెరట్లో పోయకుండా సంచిలో కట్టి పారేయించండి. పనివాళ్లకు తువ్వాలు కాదు, ఎన్95 మాస్కు కొనివ్వండి. అది మీ ఖర్చే కావాలి.

ఏ పుట్టీ

తీరపు ఊళ్లలో, ఇటుక కనిపించేదాకా కొట్టి కొత్తగా పూసిన గోడలకు, బయటి గోడలకు తెల్ల సిమెంటు పుట్టీయే సరైనది. కాస్త చెమ్మను తట్టుకుంటుంది, గోడను పట్టుకుంటుంది. కిలో పొడికి సుమారు 360 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్లు, సంచి మీద రాసినంతే పోయాలి. కలిపినదాన్ని రెండు మూడు గంటల్లో వాడేయాలి. గట్టిపడ్డాక మళ్లీ నీళ్లు పోసి తిప్పే అలవాటును అక్కడికక్కడే ఆపండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లో పుట్టీ కలపడానికి తాగునీటి క్యాన్లు తెప్పించండి, గోడకు వాటి ఖర్చు ఎక్కువేమీ కాదు.

అక్రిలిక్ పుట్టీ ధర ఎక్కువ, నునుపు ఎక్కువ. గట్టిగా ఉన్న పాత ఎమల్షన్ మీద అక్కడక్కడా సరిచేయడానికి ఇదే మంచిది, ఎందుకంటే సిమెంటు పుట్టీకి పాత రంగు మీద పట్టు ఉండదు. దీనికి కింద ప్రైమర్ ఉండాలి, ఇంటి లోపలే వాడాలి, చెమ్మ గోడకు వద్దు. మార్కాపురం, కనిగిరి వైపు పొడి గాలి ఊళ్లలో గది గోడలకు ఏది పెట్టినా నిలుస్తుంది. అక్కడ ధర చూసి ఎంచుకోవచ్చు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో గోడ మొత్తం పూయించమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. త్వరగా అవుతుంది, అద్దంలా వస్తుంది, కొత్తలో బాగుంటుంది. నీళ్లు తగిలితే మెత్తబడుతుంది. మూడు నెలలు గాలిలోనే తడి ఉండే తీరంలో, కారే చరిత్ర ఉన్న పాత కప్పుకు అది వేయించడం డబ్బు పారేసుకోవడమే.

సున్నపు గోడకు సున్నమే

మందపాటి గోడ, గీకితే సిమెంటు బూడిద రంగు కాకుండా తెల్లగా, మెత్తగా రాలే గార కనిపిస్తే అది సున్నపు పని. ఇలాంటి గోడకు సిమెంటు ప్లాస్టరింగు, పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వేయించడం ఇప్పుడు వాడుకగా మారింది. నేను దానికి పూర్తిగా వ్యతిరేకిని. ఆ కాలపు గోడల్లో చాలావాటికి నేల చెమ్మను ఆపే పొర లేదు. నేల నుంచి పీల్చిన తడిని సున్నం మెల్లగా గాలిలోకి వదిలేస్తూ వచ్చింది. పైన సిమెంటు, ప్లాస్టిక్ మూత పడితే తడి లోపలే చిక్కి ఇంకా పైకి పాకుతుంది, ఉప్పును వెంట తీసుకెళ్లి గారను పొడి చేస్తుంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుకతో గారను సరిచేసి, పలచని సున్నం మూడు నాలుగు చేతులు వేయిస్తే ఖర్చు తక్కువ, గోడకు ఆయుష్షు ఎక్కువ. చేతికి కొంచెం తెల్లగా అంటుతుంది, రంగుల ఎంపిక తక్కువ, రెండు మూడేళ్లకోసారి మళ్లీ వేయాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టంగా ఉంది, పాత గుళ్ల మరమ్మతులు చేసేవాళ్లను విచారించండి. సున్నం తడిపేటప్పుడు కళ్లను కప్పే రక్షణ అద్దాలు తప్పనిసరి.

చెమ్మ, ఉప్పు

గోడ అడుగున అడుగు రెండడుగుల ఎత్తు దాకా తెల్లటి నూగు తేలి, ప్లాస్టరింగు పొడిపొడిగా రాలుతుంటే అది నేల నుంచి వచ్చే ఉప్పు. తడి గుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది, పొడి బ్రష్షుతో దులపాలి. చెమ్మ ఎక్కడి నుంచో తెలియకపోతే అడుగు చదరపు పాలిథిన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో బిగించి ఒక రోజు ఉంచండి. గోడ వైపు నీటి బొట్లు పడితే తడి గోడలోనే ఉంది. గది వైపు పడితే అది గాలిలోని తేమ, కిటికీ తెరిస్తే తీరుతుంది. గోడలో తడి ఉన్నంతకాలం పుట్టీ, ప్రైమర్, రంగు మూడూ దండగ. ఆ అడుగు భాగానికి ఉప్పు పట్టిన ప్లాస్టరింగు తీసేసి, కారణం సరిచేసి, ఒక వేసవి అలాగే ఇటుక కనిపించేలా వదిలేయడం కంటికి బాగుండదు గానీ గోడకు మంచిది. టైల్స్ అంటించడం, పీవీసీ పలకలు బిగించడం, వాల్‌పేపరు అతికించడం మూడూ తడిని మరికొంత పైకి తోసే పనులే.

నల్లని బూజు మచ్చలకు ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం, మూడు పాళ్ల నీళ్లు కలిపి రాసి, పావుగంట తర్వాత కడిగి, ఆరనివ్వాలి. దానిలో యాసిడ్ గానీ, వేరే క్లీనర్ గానీ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

ప్రైమర్, కూలి

మామూలు గోడకు నీళ్లతో కలిపే సిమెంటు ప్రైమర్ సరిపోతుంది. కడిగినా ఇంకా కొంచెం పొడి వదిలే గోడకు మాత్రం లోపలికి ఇంకే సాల్వెంటు ప్రైమర్ కావాలి, అది కూడా గోడ పూర్తిగా పొడిగా ఉన్నప్పుడే. ప్రైమర్ వద్దు, రంగే ఇంకో చేయి వేద్దామంటే ఒప్పుకోకండి.

చదరపు అడుగు లెక్కన మొత్తం కాంట్రాక్టుకు ఇవ్వడమా, రోజు కూలికి పెట్టుకోవడమా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. కొత్త ఇంటికి కాంట్రాక్టు హాయి. పాత పగుళ్ల ఇంటికి గీకడం, గాడి కొట్టడం, నింపడం దాకా రోజు కూలి, ప్రైమర్ నుంచి కాంట్రాక్టు పెట్టుకోండి. అడుగు లెక్కన పనిచేసే మనిషికి గీకుడు మీద గడిచే ప్రతి గంటా నష్టమే, పొడి మీదే పుట్టీ పడటానికి అసలు కారణం అది. సరుకు మీరే కొనండి, సంచుల మీద తయారీ తేదీ చూడండి, ఆరు నెలలు దాటిన సిమెంటు పుట్టీ తీసుకోకండి.

చిన్న గదిలో సన్నని నెర్రెలు, అక్కడక్కడా పెచ్చులు మాత్రమే ఉంటే ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు. కావలసినవి పుట్టీ పెట్టే నాలుగంగుళాల పట్టీ, గోకుడు బద్ద, 80, 120, 220 నంబర్ల రుద్దుడు కాగితాలు, గట్టి నిచ్చెన, ఓపిక. పైకప్పు కొట్టే పని, మేడ బయటి గోడ మాత్రం ఇంట్లోవాళ్లకు వద్దు.

పుట్టీ ఆరి, రుద్దుడు అయ్యాక ఆ రాత్రి లైట్లన్నీ ఆపి, ఫోను టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వెలుతురు పారేలా పట్టుకుని గది చుట్టూ నడవండి. పగలు కనిపించని ఎత్తుపల్లాలు, కూరిన పగులు గీతలు, రుద్దుడు తప్పిన చోట్లు నీడలు పడి బయటపడతాయి. ఒక్కో చోట పెన్సిలుతో సున్న చుట్టండి. పొద్దున పెయింటర్ వచ్చాక వాటిని ఒక్కొక్కటిగా సరిచేయించి, ప్రైమర్ డబ్బా మూత ఆ తర్వాతే తీయనివ్వండి.